మధుమేహంతో నరాలకు దెబ్బ: చికిత్సల పరిశోధన ఎంతవరకు వచ్చింది?

బీదరు జిల్లా సరిహద్దు గ్రామాల్లో ఒకే బాధకు నాలుగు పేర్లు వినిపిస్తాయి. తెలుగువారు తిమ్మిరి అంటారు, కన్నడిగులు జోము అంటారు, మరాఠీ ఇళ్లలో ముంగ్యా, అనగా చీమలు, వచ్చాయంటారు, ఉర్దూ మాట్లాడేవారు కాలు సున్ పడిందంటారు. వినడానికి అన్నీ ఒకటే అనిపించినా అవి సరిగ్గా ఒకే సంగతి చెప్పవు. చీమలు పాకుతున్నట్టు, సూదులు గుచ్చినట్టు, రాత్రివేళ అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు ఉండటం ఒక స్థితి. అసలు స్పర్శే తెలియకపోవడం మరొక స్థితి. చాలాకాలంగా షుగరు ఉన్నవారి కాళ్లలో ఈ రెండూ కనిపిస్తాయి. వైద్యుని ముందు కూర్చున్నప్పుడు ఏది చెప్పారన్నది ముఖ్యం, ఎందుకంటే రెండింటి చికిత్సలు వేరు, వాటిపై జరిగిన పరిశోధనలు కూడా వేరు.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. చెన్నైలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2008లో తేల్చినదాని ప్రకారం మధుమేహ రోగుల్లో 26.1 శాతం మందికి నరాలు దెబ్బతిన్నాయి. అంటే నలుగురిలో ఒకరికి. ఎనభై ఇళ్ల తండాలో కూడా అలాంటి పాదాలు ఉండకుండా ఉండవు.

నరం ఎందుకు చెడుతుంది?

నడుము నుండి కాలి బొటనవేలి వరకు పోయే నరం శరీరంలోని పొడవైన నరాల్లో ఒకటి, దాదాపు మీటరు పొడవు. దాని చివరి కొసకు ఆహారం, ప్రాణవాయువు అందించేవి వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలు. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఈ నాళాలు దెబ్బతింటాయి, నరపు కణాల్లోనే చక్కెర మరో రూపంలో పేరుకుని వాటి పనిని చెడగొడుతుంది. చిట్టచివరి పొలానికి కాలువ నీరు అందనట్టే ముందుగా పొడవైన నరం కొస ఎండుతుంది. అందుకే బాధ వేళ్ల వద్ద మొదలై, మేజోడు తొడిగినంత మేర పైకి పాకుతుంది. చేతులకు వచ్చేది తరువాత.

ఈ సంగతి కొత్తగా కనుగొన్నది కాదు. సుశ్రుత సంహిత ప్రమేహానికి ముందు కనిపించే లక్షణాల్లో అరచేతుల, అరికాళ్ల మంటను పేర్కొన్నది. నరాల జబ్బు వల్ల మధుమేహం వస్తుందని ఐరోపా వైద్యులు నమ్ముతున్న రోజుల్లో, కాదు, మధుమేహమే నరాలను చెడగొడుతుందని ఫ్రెంచి వైద్యుడు మార్షల్ ద కాల్వి 1864లో చెప్పాడు. బెల్జియంలో జాన్ పిరార్ అనే వైద్యుడు 1947 నుండి 1973 వరకు 4,400 మంది రోగులను ఓపికగా గమనించి, జబ్బు వయసు పెరిగేకొద్దీ నరాల దెబ్బ పెరుగుతుందని, ఇరవై ఐదేళ్లకు సగం మందిలో అది ఉంటుందని లెక్క తేల్చాడు. ఒక మనిషి తన జీవితకాలపు పనిగా చేసిన ఇలాంటి లెక్క నేటికీ పాఠ్యగ్రంథాల్లో నిలిచి ఉంది.

చక్కెరను అదుపు చేస్తే నరం బాగుపడుతుందా?

ఈ ప్రశ్నకు సమాధానం అందరూ అనుకునేంత సూటిగా లేదు. అమెరికా, కెనడాల్లో 1983 నుండి 1993 వరకు 1,441 మందిపై డీసీసీటీ అనే ప్రయోగం జరిగింది. వారంతా చిన్న వయసులోనే ఇన్సులిన్ అవసరమయ్యే మొదటి రకం మధుమేహం వారు. చక్కెరను గట్టిగా అదుపులో ఉంచిన వర్గంలో నరాల దెబ్బ 60 శాతం తగ్గింది. అంత స్పష్టమైన ఫలితం ఈ రంగంలో మళ్లీ రాలేదు.

మన ఇళ్లలో పెద్దలకు వచ్చేది రెండవ రకం. దానిపై బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ ప్రయోగం 1998లో ముగింపు ఫలితాలు ఇచ్చింది. కళ్లు, మూత్రపిండాలు మొదలైన సన్ననాళాల ఉపద్రవాలన్నీ కలిపి 25 శాతం తగ్గాయి గానీ నరాల విషయంలో లాభం అంత గట్టిగా తేలలేదు. ఇంకా గట్టిగా అదుపు చేస్తే ఏమవుతుందో చూద్దామని అమెరికా, కెనడాల్లో 10,251 మందితో అకార్డ్ అనే ప్రయోగం మొదలుపెట్టారు. గట్టి అదుపు వర్గంలో మరణాలు ఎక్కువగా కనిపించడంతో 2008 ఫిబ్రవరిలో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపివేశారు. కనుక వృద్ధుల్లో చక్కెరను అతిగా దించే ప్రయత్నం కూడా ప్రమాదమే. పొలానికి వెళ్లిన ముసలాయన చక్కెర పడిపోయి గట్టు మీద కూలబడిపోతే చూసేవారెవరు? ఎంత వరకు దించాలన్నది వయసునూ ఇతర జబ్బులనూ చూసి వైద్యుడే నిర్ణయించాలి.

ఇక్కడ గ్రహించవలసినది ఒకటి ఉంది. చక్కెర అదుపు నరాన్ని కాపాడుతుంది, లేదా చెడే వేగాన్ని తగ్గిస్తుంది. ఒకసారి పూర్తిగా చచ్చిన నరాన్ని అది తిరిగి బ్రతికించినట్టు ఏ ప్రయోగమూ చూపలేదు.

నొప్పి మందులు, ఉత్తుత్తి మాత్రలు

నొప్పిపై జరిగే చాలా ప్రయోగాల్లో రోగులను చీట్లు తీసినట్టు రెండు వర్గాలుగా విడదీస్తారు. ఒక వర్గానికి అసలు మందు, రెండవ వర్గానికి చూడటానికి అచ్చం అలాగే ఉండే, మందు లేని మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వెళ్లిందో రోగికి గానీ వైద్యునికి గానీ తెలియదు. ఇది మోసం కదా అని చాలామంది అడుగుతారు. కాదు, ముందుగా చెప్పి, సంతకం తీసుకునే చేస్తారు. అవసరం ఏమిటంటే, నొప్పి అనేది నమ్మకానికి లొంగుతుంది. మంచి వైద్యుడు చేయి వేసి మాట్లాడి ఖాళీ మాత్ర ఇచ్చినా చాలామందికి కొన్ని వారాలు నొప్పి తగ్గుతుంది. సంతలో నూనె సీసాలు అమ్మేవాని మాట నిజమనిపించేది కూడా ఇందువల్లనే. మందుకు తన సొంత బలం ఎంత ఉందో ఖాళీ మాత్రతో పోల్చినప్పుడే తెలుస్తుంది.

ఈ పరీక్షలో నెగ్గిన మందులు కొన్నే. దిగులు తగ్గించడానికి వాడే అమిట్రిప్టిలిన్ నరాల మంటను కూడా తగ్గిస్తుందని 1980ల్లోనే తేలింది. మూర్ఛకు వాడే గాబాపెంటిన్‌ను 165 మంది మధుమేహ రోగులపై ఎనిమిది వారాలు పరీక్షించి 1998లో ఫలితం ప్రకటించారు. 2004లో అమెరికా ప్రభుత్వం డులాక్సెటిన్, ప్రెగాబాలిన్ మందులను ఈ నొప్పికే ప్రత్యేకంగా అనుమతించింది. ఇవన్నీ నేడు మన పట్టణాల మందుల దుకాణాల్లో దొరుకుతాయి. చీటీ మీద దిగుల మందు పేరు చూసి, మా అమ్మకు పిచ్చి అనుకున్నారా అని కోపం తెచ్చుకునేవారున్నారు. ఆ కోపం అక్కరలేదు.

ఇవి ఎంతమందికి పనిచేస్తాయి? 2015లో ప్రచురితమైన ఒక సమీక్ష 229 అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. అమిట్రిప్టిలిన్ కోవకు చెందిన మందులు సుమారు నలుగురికి ఇస్తే ఖాళీ మాత్రకన్నా అదనంగా ఒకరికి నొప్పి సగం తగ్గుతుంది. డులాక్సెటిన్ కోవలో ఆరుగురికి పైగా, గాబాపెంటిన్, ప్రెగాబాలిన్‌లలో ఏడుగురికి పైగా ఇస్తే ఒకరికి. ఈ అంకెలు నిరుత్సాహపరచవచ్చు. అయినా ఒక మందు పనిచేయకపోతే మరొకటి పనిచేయవచ్చునన్నది కూడా ఇందులోనే ఉంది. మందు మార్చినంత మాత్రాన వైద్యునికి తెలియదని అనుకోరాదు.

ఆ విషయాన్నే తేల్చడానికి బ్రిటన్‌లో 13 కేంద్రాల్లో ఆప్షన్ డీఎమ్ అనే ప్రయోగం జరిగి 2022లో ఫలితాలు వచ్చాయి. ఏ మందుతో మొదలుపెట్టి ఏది జోడించినా పదహారు వారాల్లో నొప్పి పదికి 6.6 నుండి 3.3కు, అంటే సగానికి తగ్గింది. ఒక మందు చాలనివారికి రెండవది కలిపితే మేలు కలిగింది. దీని లాభం బీదవారికే ఎక్కువ, ఎందుకంటే చవకైన అమిట్రిప్టిలిన్ ఖరీదైన వాటికి తీసిపోలేదు. అయితే అది నోరు ఎండగొడుతుంది, మగతనిస్తుంది, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవారికి మూత్రం ఆపుతుంది, గుండె జబ్బు ఉన్నవారికి తగకపోవచ్చు. ప్రెగాబాలిన్ వల్ల కాళ్లు వాయవచ్చు, బరువు పెరగవచ్చు. పక్కింటివారి మాత్ర తెచ్చుకుని వేసుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు.

మన దేశపు వైద్యుల కృషి కూడా ఇందులో ఉంది. రాజస్థాన్‌లోని బికనీరులో వైద్యులు మూర్ఛకు వాడే సోడియం వాల్ప్రోయేట్‌ను ఖాళీ మాత్రతో పోల్చి 2002లోనూ 2004లోనూ ఫలితాలు ప్రకటించారు. పెద్ద కంపెనీలేవీ ఆసక్తి చూపని పాత మందు అది. పాల్గొన్నవారు పదుల సంఖ్యలోనే. అయినా అమెరికా నరాల వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో ఆ చిన్న అధ్యయనాలను లెక్కలోకి తీసుకుంది. బిడ్డలు కనే వయసు స్త్రీలకు మాత్రం దానిని ఇవ్వరాదని 2022లో స్పష్టం చేసింది, గర్భంలోని శిశువుకు అది హాని చేస్తుంది.

మూలాన్ని మాన్పే మందు కోసం

పైన చెప్పినవన్నీ నొప్పిని కప్పిపుచ్చేవే, నరాన్ని బాగుచేసేవి కావు. నరాన్నే బాగుచేసే మందు కోసం నలభై ఏళ్లకు పైగా వెతుకుతున్నారు. నరంలో చక్కెరను మార్చే ఒక ఎంజైమును అడ్డగిస్తే చాలునని ఒకప్పుడు గొప్ప ఆశ ఉండేది. ఆ కోవలో వచ్చిన టోల్‌రెస్టాట్ కాలేయాన్ని చెడగొట్టడంతో 1990ల్లో ఉపసంహరించుకున్నారు. జపానులో 1992లో అనుమతి పొందిన ఎపాల్‌రెస్టాట్ ఒక్కటి మిగిలింది, మన దేశంలోనూ అమ్ముడవుతోంది, అమెరికా మాత్రం దానిని అనుమతించలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇదే ఎంజైముపై పసుపు, ఉసిరి వంటి వాటి ప్రభావాన్ని పరిశీలించారు, మధుమేహం కలిగించిన ఎలుకల్లో కంటి శుక్లం ఆలస్యమైందని చూపారు. అది ఎలుకల కన్ను. ఆ అధ్యయనాన్ని చూపి మనిషి కాలికి పసుపు మాత్రలు అమ్మేవారి మాట వేరు.

జర్మనీలో పేరుపొందిన ఆల్ఫా లైపోయిక్ యాసిడ్ సంగతీ ఇలాంటిదే. 1995లో సూదిమందుగా ఇచ్చినప్పుడు మంచి ఫలితం కనిపించింది. 460 మందిపై నాలుగేళ్లు జరిగిన పరీక్ష 2011లో తన ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. 2024లో వచ్చిన కాక్రేన్ సమీక్ష ఆరు నెలల వద్ద లక్షణాల్లో లాభం బహుశా లేదు, ఉన్నా స్వల్పమేనని చెప్పింది. నరాల బలం మాత్రలుగా అమ్మే మిశ్రమాల్లో ఈ పదార్థం తరచుగా ఉంటుంది, ఒక్కో పట్టీ ధర కూలి మనిషికి ఒక రోజు సంపాదనకు దగ్గరగా ఉంటుంది. కొనేముందు ఆలోచించవలసిన ఖర్చు ఇది.

విటమిన్ బి12 మాత్రం వేరే కథ. షుగరుకు అందరూ వాడే మెట్‌ఫార్మిన్ పేగుల్లో బి12 ఇంకకుండా చేస్తుంది. నెదర్లాండ్స్‌లో 390 మందిని నాలుగేళ్లకు పైగా గమనించి 2010లో ఈ సంగతి నిర్ధారించారు. బి12 లోపమే విడిగా నరాలను చెడగొడుతుంది, దాని తిమ్మిరి అచ్చం షుగరు తిమ్మిరిలాగే ఉంటుంది. హైదరాబాదు నగరవాసులపై జాతీయ పోషకాహార సంస్థ చేసి 2016లో ప్రకటించిన అధ్యయనంలో సుమారు మూడో వంతు మందికి ఈ విటమిన్ తక్కువగా ఉంది. శాకాహార కుటుంబాల్లో, లింగాయత ఇళ్లలోనూ వైష్ణవ ఇళ్లలోనూ, పాలు పెరుగు కూడా తక్కువగా తీసుకునే పెద్దలకు ప్రమాదం మరింత ఎక్కువ. గ్రీసులో 90 మందిపై జరిగి 2021లో వెలువడిన ప్రయోగంలో, మెట్‌ఫార్మిన్ వాడుతూ బి12 తగ్గినవారికి ఏడాదిపాటు ఆ మాత్ర ఇస్తే నరాల పరీక్షలు మెరుగుపడ్డాయి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతూ తిమ్మిర్లు ఉన్నవారు రక్తంలో బి12 చూడమని వైద్యుని అడగటం సబబు. లోపం ఉందని తేలినా మెట్‌ఫార్మిన్‌ను తమంతట తాము మానరాదు.

మొద్దుబారిన పాదం

నొప్పి ఉన్నవాడు ఆసుపత్రికి వస్తాడు. నొప్పి లేనివాడు రాడు, కాలు పోగొట్టుకునేది ఎక్కువగా అతడే. పరిశోధన ధనమంతా నొప్పి మాత్రల వైపే ప్రవహించింది, ఎందుకంటే మాత్ర అమ్ముడవుతుంది. మొద్దుబారిన పాదాన్ని కాపాడే జ్ఞానం మందుల కంపెనీల నుండి కాక కుష్ఠు ఆసుపత్రుల నుండి వచ్చింది.

1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టిన పాల్ బ్రాండ్ వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్రవైద్యుడు. కుష్ఠు రోగుల వేళ్లు జబ్బు తినివేయడం వల్ల ఊడిపోతాయని అందరూ అనుకునేవారు. స్పర్శ లేక, తెలియకుండా తగిలే దెబ్బలే వేళ్లను తీసుకుపోతున్నాయని ఆయన గుర్తించాడు. తరువాత అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లి, అదే సూత్రం షుగరు పాదాలకూ వర్తిస్తుందని చూపాడు. నిజామాబాదు పక్కన డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ స్థాపించిన కుష్ఠు ఆసుపత్రి పేరు ఈ ప్రాంతపు పాతతరానికి తెలుసు. అలాంటి చోట్ల పేరుకున్న అనుభవమే నేటి షుగరు పాదాల క్లినిక్‌లకు పునాది.

పాదానికి స్పర్శ ఉందో లేదో చూసే సాధనం కూడా అక్కడిదే. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగు అది. కళ్లు మూసుకున్న రోగి అరికాలికి దానిని ఆనిస్తారు. తెలియకపోతే రక్షణ స్పర్శ పోయినట్టు. ఈ హద్దును కార్‌విల్ పరిశోధకులు 1986లో నిర్ణయించారు. పరీక్షకు రెండు నిమిషాలు చాలు, రక్తం తీయనక్కరలేదు. బీదరు బ్రిమ్స్‌కు గానీ జహీరాబాదు ఆసుపత్రికి గానీ వెళ్లినప్పుడు ఏడాదికొకసారి ఈ పరీక్ష కోరవచ్చు.

చెన్నైలో 241 మందిపై జరిగి 2004లో వెలువడిన అధ్యయనం చెప్పుల గురించి. మెత్తని ఎంసీఆర్ రబ్బరు వంటి అడుగు ఉన్న చెప్పులు వేసుకున్నవారిలో 4 శాతం మందికే కొత్త పుండ్లు వచ్చాయి. మామూలు చెప్పులు వేసుకున్నవారిలో 33 శాతం మందికి వచ్చాయి. ఏ మాత్రకూ ఇంతటి ఫలితం లేదు. నాటికీ నేటికీ ఆ రబ్బరు చెప్పులు ఖరీదైనవేమీ కావు, వేసుకోవడానికే సంకోచం. కుష్ఠు చెప్పులని ఎవరైనా అనుకుంటారేమోనని.

వ్యాయామంపై మన రాష్ట్రంలోనే మంచి అధ్యయనం జరిగింది. మణిపాల్ పరిశోధకులు నరాలు దెబ్బతిన్న రెండవ రకం మధుమేహ రోగులతో ఎనిమిది వారాలు ఒక మోస్తరు వ్యాయామం చేయించి, కాలి నరాల్లో సంకేతాల వేగం మెరుగుపడిందని 2014లో ప్రకటించారు. ఇటలీలో అంతకుముందే 78 మందిని నాలుగేళ్లు చురుకుగా నడిపించి, నడిచినవారికి నరాల దెబ్బ తక్కువగా వచ్చిందని 2006లో చూపారు. అప్పటికే పుండు ఉన్నవారికి మాత్రం నడక మంచిది కాదు.

ఇక దైవదర్శనం మాట. బీదరు ఝరణీ నరసింహస్వామి సన్నిధికి గుహలో రొమ్ములోతు నీటిలో వట్టికాళ్లతో నడిచి వెళ్లాలి. వేసవి మధ్యాహ్నం ఏ గుడి ముంగిట చూసినా రాతి పరుపు పెనంలా కాలుతుంది. స్పర్శ లేని పాదానికి నీటి అడుగున రాయి గీసుకున్నా, బండ మీద అరికాలు బొబ్బలెక్కినా తెలియదు. దర్శనం మానమని ఏ వైద్యుడూ చెప్పడు. ఉదయం చల్లటివేళ వెళ్లి, తిరిగి వచ్చాక వేళ్ల సందులు తుడుచుకుని, అద్దం పెట్టుకునో మనవరాలిచేతనో అరికాలు చూపించుకుంటే చాలు.

కొత్త ఆశ ఒకటి

2006లో ఉత్తర పాకిస్తాన్‌కు చెందిన కొన్ని కుటుంబాలపై ఒక పరిశోధన వెలువడింది. వీధిలో చేతికి కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి చూపే పదేళ్ల బాలునికి పుట్టుకతోనే నొప్పి తెలియదు. పద్నాలుగేళ్లు నిండకముందే ఇంటి పైకప్పు మీదనుంచి దూకి చనిపోయాడు. అతని బంధువుల రక్తాన్ని పరీక్షించి, నొప్పి సంకేతాన్ని మోసే ఒక ద్వారం వారిలో పనిచేయడం లేదని కనుగొన్నారు. ఆ ద్వారాల కోవలోనే మరొకదాన్ని మూసే సుజెట్రిజిన్ అనే మందును 2025 జనవరిలో అమెరికా తాత్కాలిక తీవ్రనొప్పికి అనుమతించింది. మత్తు, వ్యసనం లేని నొప్పి మందు అన్నది దాని ప్రత్యేకత. షుగరు నరాల నొప్పిపై తొలి పరీక్షలో అది పదికి రెండు పాయింట్లకు పైగా తగ్గించింది, కానీ ఆ పరీక్షలో ఖాళీ మాత్ర వర్గం లేదు. నడుము నుండి కాలికి దిగే నొప్పిపై 2024లో పరీక్షించినప్పుడు ఖాళీ మాత్ర తీసుకున్నవారికీ దాదాపు అంతే తగ్గింది. షుగరు నొప్పిపై పెద్ద ప్రయోగాలు 2024లో మొదలయ్యాయి.

ప్రయోగంలో చేరమని అడిగితే

హైదరాబాదు ఔషధ ప్రయోగాలకు పెద్ద కేంద్రం. బీదరు నుండి రోగులు వెళ్లేదీ అక్కడికే. కనుక ఈ ప్రశ్న ఏ ఇంటికైనా రావచ్చు. చేరడం తప్పు కాదు, పైన చెప్పిన ప్రతి జ్ఞానమూ ఎవరో చేరడం వల్లనే వచ్చింది. కానీ మనవైపు చేదు అనుభవాలున్నాయి. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు వేసిన హెచ్‌పీవీ టీకా కార్యక్రమాన్ని కొందరు బాలికల మరణాల తరువాత 2010 ఏప్రిల్‌లో ఆపారు. మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని విచారణ తేల్చింది, కానీ అంగీకార పత్రాల తీరును తప్పుపట్టింది. 9,543 పత్రాల్లో 2,763 వాటిపై సంతకం తల్లిదండ్రులది కాదు, హాస్టలు వార్డెన్లది. 2011లో పిడుగురాళ్లకు చెందిన పేద స్త్రీలను మందుల పరీక్షలకు హైదరాబాదు తీసుకువెళ్లిన ఉదంతం కూడా పత్రికల్లోకి ఎక్కింది.

ఆ తరువాత నియమాలు బిగిశాయి. 2019 నియమావళి ప్రకారం అంగీకార పత్రం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. సరిహద్దు గ్రామాలవారికి ఇది చిన్న విషయం కాదు: కన్నడ బడిలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడేవారు తమకు ఏ లిపి చదవ వస్తుందో ముందే చెప్పి ఆ భాషలో పత్రం అడగవచ్చు. చదువు రానివారి విషయంలో ప్రయోగంతో సంబంధం లేని సాక్షి అంతసేపూ పక్కన ఉండి సంతకం చేయాలి. పత్రం ప్రతి ఒకటి ఇంటికి ఇవ్వాలి. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఎప్పుడు మానుకున్నా కారణం చెప్పనవసరం లేదు, మామూలు వైద్యం ఆపరాదు.

దేశంలో జరిగే ప్రయోగాలు 2009 జూన్ 15 నుండి సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్టరులో తప్పనిసరిగా నమోదు కావాలి. ఆ నమోదును ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఏ మందు, ఏ ఆసుపత్రి, బాధ్యుడైన వైద్యుడెవరు, నైతిక సంఘం అనుమతి ఉందా లేదా అన్నవి అందులో ఉంటాయి. ఆ నమోదు సంఖ్య ఏమిటని ఆసుపత్రిలో అడిగితే వారు చెప్పవలసిన సంగతే అది, ఇంటికి వచ్చాక ఊళ్లో కంప్యూటరు వచ్చిన పిల్లవాడెవరైనా చూసి చెప్పగలడు.